రెండు రైఫిళ్ళకు ఒకే మూత

మా ఆయన పోయాక ఇంట్లో నాకు పనికొచ్చేవి మూడే మిగిలాయి. ఎనిమిది ఎకరాల నేల, పాత పికప్ ట్రక్కు, రెండు రైఫిళ్ళు. ఆయన సూట్లు, టైలు, ఇంగ్లీషు పుస్తకాలు మా అబ్బాయి పట్టుకుపోయాడు. రైఫిళ్ళ జోలికి మాత్రం నేను రానివ్వలేదు. ఒకటి వేటకు వాడేది. మోయడానికి తేలిక, దెబ్బ గట్టిది. రెండోది గురిచూసి కొట్టే ఆటకు వాడేది. తూటా సన్నం, గొట్టం లావు, ఎత్తితే రోకలంత బరువు.

ఆయన టెక్సాస్‌లో మట్టి పరీక్షల ఉద్యోగం చేసేవారు. శనివారం వచ్చిందంటే తుపాకులు కాల్చే రేంజ్‌కి వెళ్ళి రేకుపలకల మీద గురి చూసేవారు. మొదట్లో నేను కారులో కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకునేదాన్ని. ఒక శనివారం చిక్కుళ్ళు తొందరగా అయిపోయాయి. ఊరికే కూర్చోవడం చేతకాక దిగి ఆయన పక్కకు వెళ్ళాను. నువ్వూ ఒకటి కొట్టు చూద్దాం అని నవ్వుతూ చేతికిచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆయన నవ్వడం మానేశారు. తుపాకీ చప్పుడు నాకేం కొత్త కాదు లెండి. పల్నాడులో మా నాన్న వేరుశనగ చేలో పందుల కాపలాకు నాటు తుపాకీ పెట్టుకునేవాడు. అది పేలితే మా ఇంట్లో కోళ్ళు ఆ పూట గుడ్లు పెట్టేవి కావు.

ఇక్కడా పందులే. సముద్రం దాటి వచ్చినా నాకు పందుల పీడ తప్పలేదు. నా పసుపు మడిలోకి, గోంగూర మడిలోకి మంద దిగిందంటే ట్రాక్టరు పెట్టి దున్నినట్టే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇద్దరం కంచె దగ్గర కాపు కాసేవాళ్ళం. తర్వాత నేనొక్కదాన్నే కాశాను.

అలా కాస్తూ కాస్తూ ఉండగానే ఎడమ చెవి మొద్దుబారిపోయింది. కుడిచేత్తో కాల్చేవాళ్ళకు ఎడమ చెవే ముందు పోతుందట. ఆ చప్పుడు దానికే దగ్గరట. చెవుల డాక్టరు మన కుర్రాడే, నెల్లూరు వైపు. నా చెవులకు మిషను తగిలించి, గీతలు చూసి, తల పట్టుకున్నాడు.

"ఆంటీ, లెఫ్ట్ ఇయర్ ఆల్మోస్ట్ పోయింది. రైట్ కూడా స్టార్ట్ అయింది. గన్స్ ఆపేయండి ప్లీజ్."

"పందుల్ని నువ్వొచ్చి తోలతావా నాయనా?" అన్నాను.

అతను నవ్వాడు గానీ నాకు లోపల గుబులు పట్టుకుంది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. ఈ మాటలు కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా ఇంగ్లీషంతా చెవితో నేర్చుకున్నదే. ఒక హోటల్ వంటింట్లో పని చేసినప్పుడు పక్కనున్న మెక్సికో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. అందులో సగం స్పానిష్ అని చాలా ఆలస్యంగా తెలిసింది. వార్తలు చెవితో, భాగవతం చెవితో, మనవరాలి కబుర్లు ఫోనులో చెవితో. చదువుకున్నవాళ్ళకు కళ్ళు ఎంతో నాకు చెవులు అంత. అందులో ఒకటి అప్పుడే పోయింది.

మా అబ్బాయిది డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డాక్టరు మాట విన్న వారానికే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. రైఫిళ్ళు అమ్మేద్దాం, పందులకు ఎవరినైనా మాట్లాడదాం అన్నాడు. శనివారం నేనేం చెయ్యనురా అని అడిగాను. అప్పుడు కోడలు మెల్లగా, తుపాకీ కొసకు బిగించే సప్రెసర్ అని ఒకటి ఉంటుందట అత్తయ్యా, చప్పుడు తగ్గిస్తుందట అంది. ఆ మాట మీద మా అబ్బాయి ఫోను తీసి చదవడం మొదలుపెట్టాడు. తీసినవాడు మళ్ళీ లోపల పెట్టలేదు.

ఊళ్ళో తుపాకుల దుకాణం ఆయన నా ఈడువాడే. తెల్ల గడ్డం, రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు. నాది బొంగురు గొంతు, కాస్త పెద్దది కూడా. అయినా ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు చెవులకు ఏమీ పెట్టుకోకుండా కాల్చేవాడట. డాక్టరు చూపించిన గీతలు నాకు అర్థం కాలేదు గానీ ఈయన్ని చూశాక అర్థమైంది.

మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. పొడుగుది, పొట్టిది, మధ్యరకం. చూడ్డానికి మూడూ నల్లటి పొగగొట్టాల ముక్కల్లా ఉన్నాయి. సినిమాల్లో లాగా టుప్పుమనదమ్మా, ఉరుము పోతుంది గానీ కొరడా దెబ్బ మిగులుతుంది అన్నాడు. తూటా గాలిని చీల్చుకుపోయే చప్పుడును ఏ గొట్టమూ ఆపలేదట. కాబట్టి చెవిలో పెట్టుకునే స్పంజి బిరడాలు మానకూడదు అని గట్టిగా చెప్పాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

మా అబ్బాయికి మాత్రం ఫోనులోని మనుషుల మీదే నమ్మకం. ఒకడు పొడుగుది కొనమన్నాడట, ఒకడు పొట్టిదే గొప్ప అన్నాడట, ఇంకొకడు సన్న తూటా రైఫిలుకు సన్న రంధ్రం ఉన్నది కొంటేనే చప్పుడు బాగా తగ్గుతుందన్నాడట.

"ఫోరమ్‌లో అందరూ అదే రికమెండ్ చేస్తున్నారమ్మా. టార్గెట్ రైఫిల్‌కి చిన్నది తీసుకో. హంటింగ్‌ది తర్వాత చూద్దాం."

"ఏరా, చెవులు వాళ్ళవా, నావా?"

"నీవేలే. కానీ టెక్నికల్‌గా..."

"రెండు గిన్నెలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూత ఒక్కటే కొనాలి. ఏ గిన్నె మూత కొంటావు?"

వాడు కోడలి వైపు చూశాడు. వంట విషయాలు వాడికి ఎప్పుడూ అటువైపే.

"పెద్దదానిదే," అంది కోడలు. "చిన్న గిన్నె మీద పెద్ద మూత కూర్చుంటుంది. చిన్న మూత పెద్ద గిన్నెలో పడిపోతుంది."

దుకాణం ఆయనకు దీన్ని నేనే నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన బల్ల చరిచి, సరిగ్గా అంతే అన్నాడు. లావు తూటాకు సరిపోయే రంధ్రం ఉన్నది కొంటే రెండు రైఫిళ్ళకూ పనికొస్తుంది, సన్నదాని మీద చప్పుడు కాస్త ఎక్కువైతే అవుతుంది. చిన్న రంధ్రం ఉన్నది పొరపాటున వేట రైఫిలుకు బిగించి కాల్చామా, గొట్టమూ ఉండదు, బహుశా మనమూ ఉండం అన్నాడు. మా అబ్బాయి ఆ పూటకు ఫోను జేబులో పెట్టాడు.

ఇక ఆ మూడింటిలో ఏదన్నది తేలాలి. నేను కంచె దగ్గర నిలబడ్డట్టే దుకాణంలో నిలబడి, వేట రైఫిలు కొసన ఒక్కొక్కటీ పట్టించి చూశాను. పొడుగుదానితో కాసేపటికే గొట్టం కొస గాలిలో ముగ్గులు పెట్టడం మొదలుపెట్టింది. పైగా దానితో ట్రక్కు తలుపు దాటడం కూడా కష్టమే. పొట్టిది హాయిగా ఉంది. అప్పుడాయన్ని దుకాణం వెనకనున్న మట్టికట్ట దగ్గరకు తీసుకెళ్ళి, తన తుపాకీకి ఒక్కొక్కటీ తగిలించి కాల్చమన్నాను. బిరడాలు పెట్టుకుని, వీపు తిప్పుకుని నిలబడ్డాను. ఏది ఎప్పుడు కాలుస్తున్నాడో చెప్పొద్దన్నాను. తర్వాత వరస చెప్పించుకుంటే, చెవిలో సూదిలా దిగింది పొట్టిదాని చప్పుడని తేలింది. మిగతా రెండింటికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. తేడా తెలియనప్పుడు బరువు తక్కువది తీసుకోవడమే తెలివి. మధ్యరకం ఖాయం చేశాను.

ఈ దేశంలో తుపాకీ బియ్యం కొన్నంత సులువుగా కొనుక్కోవచ్చు. దాని నోరు తగ్గించే గొట్టానికి మాత్రం కాగితాలు వాషింగ్టన్ దాకా పోవాలి. ఫోటోలు, వేలిముద్రలు, షెరీఫ్ అనే పోలీసు పెద్దకు ఒక నకలు. చదువు రాని ఆడదని చిన్నప్పుడు పోస్టాఫీసులో నా చేత వేలిముద్ర వేయిస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇక్కడ వేలిముద్రల ఆఫీసులో నా ముందు వరుసలో సూటు వేసుకున్న లాయరు పది వేళ్ళకూ సిరా పూసుకుని నిలబడ్డాడు. అతన్ని చూసి నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. గిన్నెలు తోమి తోమి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఆ ఆఫీసు పిల్ల చాలాసేపు తిప్పలు పడి, చివరికి నా చేతులు పట్టుకుని మీరు బ్యాంకులు దోచుకుంటే మాకు దొరకరు అంది.

అనుమతి కోసం నెలలు పట్టింది. ఈలోపు సప్రెసర్ బిగించడానికి రెండు రైఫిళ్ళ కొసలకూ ఒకే కొలత మర కోయించి పెట్టుకున్నాను. అన్నాళ్ళూ ఒక్క తూటా కూడా కాల్చలేదు. అబ్బాయితో ఒప్పందం అది. సప్రెసర్ వచ్చాక ఒక రోజంతా కాల్చి చూడాలి. ఆ సాయంత్రం నా కుడిచెవిలో ఈల మోగితే రెండు రైఫిళ్ళూ అమ్మేయాలి. అంతకుముందు ఎప్పుడు కాల్చినా సాయంత్రానికి జుయ్యిమని మోగేది. రాత్రి పడుకుంటే ఇంకా మోగేది. వాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ఒప్పందంలో ఆ మాటే పెట్టాడు. ఆ నెలల్లో పందులు నా పసుపు మడిని రెండుసార్లు దున్నిపోయాయి. పళ్ళు కొరుక్కుంటూ, మిగిలిన కొమ్ములు ఏరుకుని ఉడకబెట్టి, ఎండబెట్టి దంచుకున్నాను.

సరిగ్గా దసరా రోజుల్లో అనుమతి వచ్చింది. సప్రెసర్ తెచ్చుకున్న మర్నాడే ఆయుధపూజ. ట్రక్కుకు, కత్తులకు, మిక్సీకి పెట్టినట్టే కొత్తగా వచ్చినదానికీ పెట్టాలి కదా. తడిపసుపు అద్ది, కుంకుమ బొట్టు పెట్టి, రైఫిళ్ళ పక్కన పీట మీద పెట్టాను. చామంతి పువ్వు కూడా తురిమాను. చూడముచ్చటగా ఉంది. పండక్కి వచ్చిన మా అబ్బాయి ఫోటో తీసి స్నేహితులకు పంపాడు.

మర్నాడు ఉదయం నేనూ, అబ్బాయీ, కోడలూ రేంజ్‌కి వెళ్ళాం. దుకాణం ఆయన తానే చూస్తానని వచ్చాడు. వేట రైఫిలుకు సప్రెసర్ తిప్పి బిగించాడు. కాసేపు తిరిగి ఆగింది. బిగిసిందనుకుని నేను కూర్చోబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. సన్నటి ఇనుప పుల్ల ఒకటి తీసి గొట్టంలోంచి పోనిచ్చి ఆ చివర చూశాడు. రంధ్రం మధ్యలోంచి రావలసిన పుల్ల ఒక పక్కకు ఒరుసుకుంటూ వచ్చింది. సప్రెసర్ వంకరగా కూర్చుంది. అలాగే కాలిస్తే మొదటి తూటాకే అది చీలిపోతుంది, మళ్ళీ వాషింగ్టన్, మళ్ళీ నెలలు. మా అబ్బాయి ముఖంలో రైఫిళ్ళు అప్పుడే అమ్ముడుపోయినట్టు కనిపించింది.

ఆయన దాన్ని ఊడదీసి, మరలోకి చూసి, చిటికెన వేలు పెట్టి గీరి, వేలు పైకెత్తాడు. వేలికి పచ్చగా పెళ్ళలు పెళ్ళలుగా అంటుకుంది. ఇది ఏ కంపెనీ గ్రీజు అని నన్నే అడిగాడు. కోడలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది. బొట్టు రెండు కొసలకూ పెట్టాను మరి. తల ఏదో తోక ఏదో తెలియని వస్తువుకు రెండు వైపులా పెట్టడమే మర్యాద. తడిపసుపు మరలోకి కారి రాత్రికి రాత్రే సున్నంలా గట్టిపడింది.

కోడలు దేవుడి సంగతి, దసరా సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు. మిషన్లు సరిగ్గా పెట్టుకుని ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత పళ్ళు తోముకునే బ్రష్షు ఒకటి తీసి మరలన్నీ తోముతూ, ఇన్నేళ్ళలో వీటిలో ఇసుక చూశాను, కందిరీగ గూడు చూశాను, కూర మాత్రం ఇదే మొదటిసారి అన్నాడు.

"కూర కాదు నాయనా," అన్నాను. "నా పెరటి పసుపు. పందులు తినగా మిగిలింది."

ఈసారి పుల్ల నిటారుగా మధ్యలోంచి వచ్చింది. నన్ను కూర్చోమన్నాడు. చెవుల్లో బిరడాలు పెట్టుకున్నాను. దూరంగా వేలాడదీసిన ఇనుప పలక మీద గురి పెట్టి, ఊపిరి సగం వదిలి, మీట నొక్కాను. ఉరుము రాలేదు. కొరడా ఒకటి ఛెళ్ళుమంది. ఆ వెనకే దూరం నుంచి సన్నగా, గుడి గంట నాలుక ఊరికే తగిలినట్టు, టంగ్‌మని వినిపించింది.

అదేమిటని అడిగాను. నీ తూటాయే, పలకకు తగిలింది అన్నాడు ఆయన.

ఇన్నేళ్ళు కాల్చాను, నా తూటా తగిలిన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. తుపాకీ ఉరుములో అది మునిగిపోయేది. తగిలిందో లేదో మా ఆయన దుర్భిణీలో చూసి, నా భుజం తట్టి చెప్పేవారు. ఇప్పుడు పలకే చెప్పింది. ఆ రోజు దాని చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. రెండో రైఫిలుతోనూ చెప్పించుకున్నాను. మా అబ్బాయి కూడా కాల్చాడు. వాడికి పలక ఏమీ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు ఎదురుగా కూర్చుని నా ముఖమే చూస్తున్నాడు. ఈల వస్తుందేమో అని నేనూ చెవి పెట్టి కూర్చున్నాను. గాలి, పక్క పొలంలో గుర్రాలు, వంటింట్లో పోపు చిటపట. అంతకుమించి ఏమీ లేదు. ఎలా ఉందమ్మా అని వాడు అడిగేలోపు వంటింట్లో కోడలు తనలో తాను సన్నగా గొణుక్కుంది.

"వచ్చే దసరాకి ఈ పసుపు డబ్బా ఎక్కడైనా దాచేయాలి తల్లీ."

"ఎక్కడ దాచినా వెతుక్కుంటానే అమ్మాయ్," అన్నాను వసారాలోంచి.

వంటింట్లో గరిట ఆగిపోయింది. మా అబ్బాయి లేచి, రైఫిళ్ళు రెండూ తీసుకెళ్ళి, వాళ్ళ నాన్న బీరువాలో వాటి చోట్లో వాటిని పెట్టి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.