టప్పుమనని మెడ

నా తలనొప్పి మెడ వెనక మొదలై, చెవి మీదుగా పైకెక్కి, ఎడమ కంటి మీద తిష్ట వేస్తుంది. లెక్కల జోలికి రాకుండా ఉంటే దాని మానాన దాన్ని ఉండనిచ్చేవాణ్ణే. ఎనిమిదో తరగతితో బడి మానేసి, భిన్నాలూ వడ్డీలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. మా ఊళ్ళో పత్తి నింపిన గోనె బోరేలు కాటా వేసేటప్పుడు, బేరగాడి ఫోను లెక్క చెప్పాక కూడా రైతులు నా మొహం చూస్తారు. నేను తలూపితేనే బోరెం లారీ ఎక్కుతుంది. అలాంటివాణ్ణి, ఈసారి పత్తి తీతల్లో అందరి ముందూ ఏడెనిమిదులు యాభై నాలుగన్నాను.

కాటా దగ్గరున్న ఒక పెద్దాయన జ్వరమేమోనని నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఇంకోసారి ఇలా జరిగితే మర్నాటి నుంచి వాళ్ళు ఫోన్నే నమ్ముతారు.

నొప్పికి కారణం నేనే కనిపెట్టాను. మా ఊరి క్షౌరశాల నా చిన్ననాటి స్నేహితుడిది. వాడు కత్తెర పట్టడం నేర్చుకున్నది నా తల మీదే; ఆ చదువు గుర్తులు నా చెవి వెనక ఇప్పటికీ ఉన్నాయి. క్షవరం అయ్యాక గడ్డం పట్టుకుని మెడను అటొకసారి ఇటొకసారి తిప్పడం వాడి అలవాటు. కుడివైపు టప్పుమని మోగుతుంది. ఎడమవైపు ఏనాడూ మోగలేదు. ఇన్నేళ్ళ తేడా అంతా ఎడమవైపు పోగుపడి, అదే నొప్పిగా తేలుతోందని నా లెక్క. ఎటునుంచి సరిచూసినా తప్పు దొరకలేదు.

వాడికి చెప్పాను. వాడూ ఒప్పుకున్నాడు. ఎడమవైపు ఎంత బలంగా తిప్పాడంటే, నా వీపు మీది చొక్కా చిరుగు నాకే కనబడినంత పనయింది. మెడ మాత్రం మోగలేదు.

"మొండి మెడరా నీది," అన్నాడు రొప్పుతూ. "మా చెల్లెమ్మ ఎట్టా వేగుతుందో!"

వాడి చెల్లెమ్మ, అంటే మా ఆవిడ, ఆ రాత్రంతా నా మూలుగు విని, తెల్లారేసరికి ఫోన్లో, మెడలూ నడుములూ సరిచేసే గుంటూరు కైరోప్రాక్టర్ వీడియో పట్టుకొచ్చింది. మెడ తిప్పగానే కంది కంప విరిగినంత శబ్దం. "మనకి కావలసింది ఇదే," అన్నాను. శబ్దం రికార్డు చెయ్యడానికి మా బావమరిది కూడా బయల్దేరాడు.

తీరా వెళ్తే అక్కడ డాక్టరమ్మ. బీపీ చూసి, కళ్ళు తిరుగుతాయా, చేతులు తిమ్మిరెక్కుతాయా అని అడిగింది. నా ఎడమవైపు లెక్కంతా వివరించాను. ఓపిగ్గా విని, "లెక్క బాగుందండీ, మీ మెడకే తెలిసినట్టు లేదు," అంది. తర్వాత పుర్రె కింద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కింది. మా బావమరిది ఊపిరి బిగబట్టి ఫోను నా చెవి దగ్గర పెట్టాడు.

"అయిపోయిందండీ," అంది డాక్టరమ్మ.

"అయిపోవడమేంటి మేడమ్?" అంది మా ఆవిడ. "ఇంకా టప్పనందే!"

శబ్దం కీళ్ళలో గాలి బుడగదట. అది మోగినంత మాత్రాన నొప్పి పోయినట్టు కాదట. కాటా మీది అంకెల కోసం నేను తాబేలులా మెడ ముందుకు చాచి నిలబడటమే నొప్పికి మూలమట. రోజూ గడ్డం వెనక్కి లాగే వ్యాయామం ఒకటి నేర్పింది. "మీ క్షవరం చేసే ఆయన్ని మాత్రం ఇక మెడ తిప్పనివ్వకండి. ప్రమాదం," అంది.

నొప్పి మెల్లగా తగ్గింది. జుట్టు మాత్రం పెరిగింది. మెడ తిప్పొద్దన్న మాట వాడితో ఎలా చెప్పాలో తెలియక వెనక వీధిలోంచి తిరగసాగాను. చివరికి వాడే ఎదురొచ్చి పట్టుకున్నాడు.

"ఏరా, క్షవరం గుంటూరులో గానీ చేయించుకుంటున్నావా?"

"చూడరా, ఈ జుట్టులో నా చెవులు కనబడుతున్నాయా?"

లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు. క్షవరం అయింది. వాడి చేతులు వాటంతటవే నా గడ్డం కిందికి వచ్చాయి. రెండు మణికట్లూ పట్టేసుకున్నాను.

"వద్దురా. డాక్టరమ్మ వద్దంది."

బెంచీ మీద పేపరు చదువుతున్నాయన పేపరు దించాడు.

"అంటే నా చేతి మీద నమ్మకం పోయిందా?"

"నీ చేతి మీద కాదురా, నా మెడ మీద."

వాడు పిడికిలి నా కుడి చెవి దగ్గరికి తెచ్చి, తన వేళ్ళే విరుచుకున్నాడు. టప్. ఇటు తిరిగి ఎడమ చెవి దగ్గర రెండో చెయ్యి. టప్!

పుట్టి బుద్ధెరిగాక నా ఎడమవైపు మోగడం అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

"ఏడెనిమిదులెంతరా?" అన్నాడు గుడ్డ దులుపుతూ.

"యాభై ఆరు."

"ఇంక లే."

"నాకూ అట్టాగే, శబ్దం ఒక్కటే చాలు," అన్నాడు పేపరాయన. ఇప్పుడు వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. వేళ్ళ నొప్పులకి గుంటూరులో డాక్టరెవరైనా ఉన్నారా అని మావాడు నన్ను వాకబు చేస్తున్నాడు.