ఎదురు కొట్లో ఫోటిని ఉద్యోగం

ఫోటిని తన కుట్టు దుకాణానికి తాళం వేసి, ఎదురుగా ఉన్న బ్రింక్‌మన్ డ్రైక్లీనింగ్ కొట్లో పనికి చేరింది ప్రేమ కోసమేనని వీధంతా చెప్పుకుంది. ఆ మాట పుట్టింది రోజ్‌విటా పూలకొట్లో. పన్నెండేళ్లుగా మాటల్లేని ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్యాంటు అంచులు మడుస్తుంటే ఇంకేమనుకోవాలి? బ్రింక్‌మన్ భార్య పోయి నాలుగేళ్లు. ఫోటినికి పెళ్లే కాలేదు. ఇక మిగిలింది పెళ్లికూతురి చేతికి పూలగుత్తి, అది తన కొట్లోనే ఉందంది రోజ్‌విటా.

ఫోటినిది గ్రీసు. జర్మనీలోని కాసెల్‌ ఊరికి వచ్చి చాలా ఏళ్లయింది. సొంత కొట్టు పెట్టిన ఏడాదే ప్రైవేటు ఆరోగ్య బీమాలో చేరింది. వయసులో ఉన్నవాళ్లకి అది చవక, పైగా మర్యాద. ప్రభుత్వ బీమా వాళ్లు కంటి డాక్టరు కోసం నెలల తరబడి కాచుకుంటే, ఆమెను మర్నాడే రమ్మనేవారు. కానీ వయసు పెరిగేకొద్దీ ఆ బీమాకు కట్టాల్సిందీ పెరుగుతూ పోయింది. ప్రభుత్వ బీమాలో అయితే సంపాదనను బట్టి కడితే చాలు. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు తంటాలు పడ్డ రోజున ఫోటినికి గుబులు పుట్టింది. రేపు చేతిలో పని తగ్గినా ఈ కట్టుడు తగ్గదు కదా.

బీమా సలహాలు చెప్పే పెద్దాయన సూటిగా చెప్పాడు.

"ప్రభుత్వ బీమాకి వెనక్కి వెళ్లాలంటే కొట్టు మూసేసి ఎవరి కిందైనా జీతానికి చేరాలమ్మా. అది కూడా యాభై ఐదు నిండకముందే. తర్వాత ఆ తలుపు మూసుకుపోయినట్టే."

"తెలిసినవాళ్ల దగ్గర ఊరికే పేరు రాయించుకుంటే?"

"కాగితం ఉద్యోగాలు వాళ్లు ఇట్టే పట్టేస్తారు. నిజంగా పని చెయ్యాలి. నిజంగా తిట్లు తినాలి."

గడువు ఇరవై ఆరు రోజులే ఉంది. ఇబ్బందేమిటంటే, ఆ వీధిలో కొట్టు తెరిచిన నాడే ఫోటిని తన వయసులోంచి ఆరేళ్లు కత్తిరించి పారేసింది. అప్పటి నుంచి ఆ కొలతే నడుస్తోంది.

దర్జీ కావాలని తలుపు మీద బోర్డు పెట్టుకున్నది ఊళ్లో బ్రింక్‌మన్ ఒక్కడే. పన్నెండేళ్ల కిందట 'ఇక్కడ బట్టలు సరిచేయబడును' అని మరో బోర్డు పెట్టి ఆమెతో గొడవ తెచ్చుకున్నవాడూ అతనే. మర్నాడు పొద్దున్నే ఆమె తన కొట్టు దాటి అతని గుమ్మం ఎక్కింది.

"దారి తప్పారా ఫోటిని గారూ?"

"ఉద్యోగానికి వచ్చాను."

బ్రింక్‌మన్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, దరఖాస్తు కాగితం తీశాడు. పుట్టిన తేదీ దగ్గర ఆమె కలం ఆగింది. కాసేపటికి రాసి, కాగితం బోర్లా పెట్టింది. అతను తిప్పి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నలభై ఎనిమిదని రోజ్‌విటా..."

"రోజ్‌విటాకి చెప్పింది నేనే."

అప్పుడు మొత్తం చెప్పింది. అతను నవ్వలేదు. "సోమవారం ఎనిమిదింటికి రండి. ఒకటే షరతు. ఇక్కడ యజమానిని నేను," అన్నాడు.

మూడో రోజే ఆ షరతు ఆమె మరచిపోయింది. ఒక పంతులమ్మ గౌను అంచు చూసి, ఆవిడ ముందే, "ఇది కుట్టిందెవరు, మేకా?" అనేసింది. కుట్టింది బ్రింక్‌మన్.

పంతులమ్మ వెళ్లాక అతను గొంతు సవరించుకున్నాడు. "మొదటి ఆరు నెలలూ నేనెప్పుడైనా మిమ్మల్ని పంపించెయ్యొచ్చు. తెలుసుగా?"

ఫోటినికి ప్రభుత్వ బీమా నుంచి చేర్చుకున్నామని ఉత్తరం ఇంకా రాలేదు. "అంచు బాగానే ఉంది బ్రింక్‌మన్ గారూ," అంది. ఆమె జన్మలో ఆడిన అతి పెద్ద అబద్ధం అదే. వయసు సంగతి దీని ముందు ఎంత. ఆ తర్వాత పదిహేను రోజులకు పైగా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే పని చేసింది. నోట్లో సూదులున్నప్పుడు మాట రాదు.

రోజ్‌విటా ఊరుకుంటుందా. "ఏమే, నాతో కూడా దాస్తావా? ప్రేమేగా?"

కాదంటే మరెందుకని అడుగుతుంది. ఎందుకో చెప్తే వయసు చెప్పినట్టే. ఫోటిని సూదులు తీసి, "ఏమోనే," అని మళ్లీ పెట్టుకుంది.

పుట్టినరోజున ఉత్తరం వచ్చింది. పనిలో చేరిన రోజు నుంచే ఆమె ప్రభుత్వ బీమాలో ఉన్నట్టు అందులో ఉంది. ఫోటిని రెండుసార్లు చదివి, వెంటనే కంటి డాక్టరుకు ఫోన్ చేసింది.

"పదకొండు వారాల తర్వాత రమ్మన్నారు," అంది, లాటరీ తగిలినదానిలా.

బ్రింక్‌మన్ సొరుగులోంచి రెండు చిట్టి గ్లాసులు, ఒక సీసా తీశాడు. "వయసులో ఒకే అంకె రెండుసార్లు వస్తే మావాళ్లు ఒక చుక్క వేసుకుంటారు. యజమానిగా ఇది నా ఆజ్ఞ."

"ముందు మీ మేక కుట్లు విప్పనివ్వండి."

"తాగాక విప్పండి."

సరిగ్గా గ్లాసులు తగిలిన క్షణానే రోజ్‌విటా గులాబీలతో లోపలికి వచ్చింది. కార్డు మీద 'నలభై తొమ్మిది' అని బంగారు అక్షరాలు. ఆమె గ్లాసులు చూసింది, ఫోటిని ఎర్రబడ్డ చెంపలు చూసింది, పూలు బల్ల మీద పెట్టి వడివడిగా బయటికి నడిచింది. నిశ్చితార్థం అయిపోయిందన్న కబురు మధ్యాహ్నానికల్లా రొట్టెల కొట్టు దాకా చేరింది.

ఆ రోజుతో ఫోటినికి యాభై ఐదు నిండాయి.