పిలుపు రాని కాల్‌బ్యాక్

అసలు తప్పు కాల్‌బ్యాక్‌ది ఎలా అవుతుంది? మొన్న కూడా ఒకాయన మా పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో, ప్రోగ్రాంలో కాల్‌బ్యాకులు పెడితే కోడ్ పాడవుతుందనీ, ఎక్కడ ఏం నడుస్తుందో ఎవరికీ తెలియదనీ పాఠం చెప్పాడు. మా బావ టైల్స్ షాపులో కౌంటర్ వెనక నిలబడి ఫోన్లో ఆయనకు జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైప్ చేశాను. పంపలేదు. ఆ జవాబు గ్రూపులో పట్టేది కాదు. ఇరవైల్లోనే రిటైరైన మనిషిని కదా, తీరిక ఉంది. ఇక్కడ రాస్తాను.

కిందటేడు ఎండాకాలంలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీకి పంపింది. హోదా జూనియర్ డెవలపర్. గేటు దగ్గర కార్మికుల పేర్లు, కార్డులు, అనుమతులు నడిపే ప్రోగ్రాం చూసుకోవడం నా పని. మెహిదీపట్నంలో పుట్టి పెరిగిన నాకు బస్సు దిగగానే తగిలే, మందుల తయారీలో వాడే సాల్వెంట్ల ఘాటుకు మొదట్లో తల పగిలిపోయేది. ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఒక్కోసారి గాలి ఆ వైపు నుంచి వీస్తుంది. అప్పుడు పని ఆపి కాసేపు అలాగే నిలబడిపోతాను.

నా కుర్చీ టైమ్ ఆఫీసులో ఉండేది. టైమ్ ఆఫీసంటే గేటు పక్కన హాజరు చూసే గది. అక్కడి క్లర్కు ఎస్తేరక్క. నేను పని మొదలుపెట్టిన రోజే అడిగింది. "ఏంది పిల్లా, పొద్దంత గా ఫోన్లనే మొకం పెడ్తవ్? పెండ్లి సంబంధమా?"

కాల్‌బ్యాక్ రాస్తున్నానని చెప్పాను.

"ఎవలకు కాల్ బ్యాక్ జేస్తది అది? మా ఆయనైతే మిస్డ్ కాల్ ఇచ్చినా చెయ్యడు."

ఆమెకు చెప్పినట్టే మీకూ చెబుతాను. ప్రోగ్రాంలో ఒక్కో కార్మికుడికి ఒక్కో ఆబ్జెక్ట్ ఉంటుంది. అన్నిటికీ ఉండే ఒకే నమూనాను క్లాస్ అంటాం; క్లాస్ అచ్చు అయితే, ఆబ్జెక్ట్ అందులోంచి తీసిన ఇటుక. అది పుడుతుంది, మారుతుంది, ఒకరోజు డిలీట్ అవుతుంది. ఈ ఘట్టాలకు ముందో వెనకో దానంతటదే నడిచేలా కట్టిపెట్టిన చిన్న కోడే కాల్‌బ్యాక్. మనం దాన్ని పిలవం, సమయం వచ్చినప్పుడు సిస్టమే పిలుస్తుంది. కొత్త పేరు ఎక్కగానే కార్డు ప్రింటుకు పోతుంది. పేరు తీసేసే ముందు దానికి అతుక్కుని ఉన్న ట్రైనింగులు, అనుమతులు అన్నీ తుడుచుకుపోతాయి.

ఆ తుడవడం దగ్గరే గొడవ. ఈ ఫ్యాక్టరీల బెల్టులో 'బ్రేక్' అని ఒక మాట ఉంది. కాంట్రాక్టు ముగిసిందని కార్మికుల పేర్లు తీసేసి, కొన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్త కాంట్రాక్టు కింద మళ్ళీ వాళ్ళనే తీసుకుంటారు. సర్వీసు ఒకటిగా కలవకూడదు, కలిస్తే పర్మనెంట్ చెయ్యమని అడుగుతారు, అంతే సంగతి. మొదట ఈ ప్రోగ్రాం రాసినవాళ్ళకు ఆ మాట తెలియదు. డిలీట్ అంటే మనిషి వెళ్ళిపోయాడనే అనుకున్నారు. ఇక్కడ డిలీట్ అయినవాడు టిఫిన్ డబ్బా పట్టుకుని మళ్ళీ అదే గేటుకు వస్తాడు.

అలా వచ్చేవాళ్ళలో సాలమన్ ఒకడు. ఎస్తేరక్క వాళ్ళ చర్చి మనిషి, రియాక్టర్ ఆపరేటర్. రియాక్టర్ అంటే మందు తయారయ్యే పెద్ద మూసిన పాత్ర. దాని దగ్గరికి వెళ్ళాలంటే పేరు మీద ట్రైనింగు ఉండాలి. బ్రేక్ వచ్చిన ప్రతిసారీ అతని ట్రైనింగు తుడుచుకుపోయేది. తిరిగి వచ్చాక హెల్పర్‌గా డ్రమ్ములు దొర్లించాలి. మళ్ళీ ట్రైనింగు ఎప్పుడిస్తారన్నది కాంట్రాక్టర్ దయ.

"ఏసయ్య ఒక్కసారి లేస్తే ఏటేటా పండుగ జేస్తున్నరు," అనేవాడు సాలమన్. "నేను బ్రేక్‌బ్రేక్‌కు లేస్తున్న మేడమ్. నన్ను హెల్పర్ అంటున్నరు."

ఎస్తేరక్క అతన్ని మందలించింది. "నోరు జెర అదుపుల పెట్టుకో అన్నా, పాస్టరు ఇంటడు."

నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్తూ షేర్ ఆటోలో ఫోన్లోనే ఉపాయం రాసుకున్నాను. డిలీట్‌కు ముందు నడిచే కాల్‌బ్యాక్ ఇక తుడవదు, ముందు అడుగుతుంది: ఈ పేరు మీద చెల్లుబాటయ్యే ట్రైనింగు ఉందా? ఉంటే డిలీట్‌ను ఆపి, ఆ ఆబ్జెక్టును 'బ్రేక్' అనే స్థితిలో ఉంచుతుంది. అదే మనిషి తిరిగి వస్తే పాత ఆబ్జెక్టే మేలుకుంటుంది. మా టీమ్ లీడ్ ప్రవీణ్ కోడ్ చదివి, రెండు సవరణలు చెప్పి, సరేనన్నాడు. ఆయన అనుమతితోనే అది ఫ్యాక్టరీలో నడిచింది.

ఆ తర్వాతి బ్రేక్ ముగిసిన ఉదయం ఇంకా నా కళ్ళకు కట్టినట్టే ఉంది. సాలమన్ గేటు మెషీన్ మీద పాత కార్డే పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. అతను నమ్మక కార్డు వెనక్కి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. "ఓ అన్నా, గది గుడి హుండీ గాదు, ఒకసారి పెడ్తె సాలు. నడువ్," అని కిటికీలోంచి అరిచింది ఎస్తేరక్క. అతను డ్రమ్ముల షెడ్డు వైపు తిరగకుండా నేరుగా రియాక్టర్ బ్లాకుకు నడిచాడు. వెనక క్యూలో ఉన్న ఒడిశా కుర్రాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, వేలు కూడా కదపలేదు. రాసినవాళ్ళు చూస్తుండగా కోడ్ తన పని తాను చేసుకుపోవడం ఎలా ఉంటుందో ఎలా చెప్పను? అలాంటి ఉదయం కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

అయితే ఆబ్జెక్ట్ బతికి ఉంటే దాని పుట్టిన తేదీ, అంటే ఆ మనిషి మొదట పనిలో చేరిన తేదీ కూడా ఉంటుంది. సాలమన్ సర్వీసు తెగకుండా స్క్రీన్ మీద కనిపించింది. అది ఫ్యాక్టరీ హెచ్ఆర్ మేనేజర్ కంట పడింది. ఆయన ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

మళ్ళీ బ్రేక్ వచ్చింది, ముగిసింది. సాలమన్ కార్డు పెట్టాడు. ఎర్రలైటు. ఎస్తేరక్క అతని పేరు వెతికింది. అసలు ఆ పేరే లేదు. కొత్తగా ఎక్కించింది. స్క్రీన్ 'హెల్పర్' అని చూపించింది. సాలమన్ డబ్బా చంకలో పెట్టుకుని డ్రమ్ముల షెడ్డు వైపు వెళ్ళాడు.

కోడ్ తెరిచి చూశాను. నా కాల్‌బ్యాక్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు. పక్కన 'కాంట్రాక్ట్ క్లోజ్' అని కొత్త బటన్ వచ్చింది. అది ఆబ్జెక్టులను తాకదు. పేర్లన్నీ దాచి ఉంచే డేటాబేస్‌కు నేరుగా ఒకే ఆదేశం ఇచ్చి పేర్లన్నీ ఒక్కసారే తీసేస్తుంది. ఆబ్జెక్ట్ దారిలో వెళ్ళని డిలీట్‌కు కాల్‌బ్యాక్ నడవదు. మా వృత్తిలో ఇది అందరికీ తెలిసిన సంగతే.

గేటు దగ్గర నిలబడే ప్రవీణ్‌కు ఫోన్ చేశాను.

"స్పీడ్ కోసం పెట్టినం. లొల్లి జెయ్యకు," అన్నాడు. "అయినా కాల్‌బ్యాక్‌ను నమ్ముకుంటరా ఎవలన్నా? ఎక్కడ ఏం నడుస్తదో కనవడది."

"కనవడకుంట జేసింది ఎవలు అన్నా?" అన్నాను.

కాల్ కట్ చేశాను. ఆ ఫోన్లోనే రాజీనామా టైప్ చేసి పంపాను. ఎస్తేరక్క టీ కప్పు నా చేతికిచ్చి, "తాగినంక పంపరాదా పిల్లా," అంది. అప్పటికే పంపేశాను.

స్పీడ్ మాట పూర్తిగా అబద్ధం కాదు. పేర్లు ఒక్కొక్కటిగా తీస్తే ఆలస్యమే. నా రాజీనామాతో సాలమన్ ట్రైనింగూ తిరిగి రాలేదు. ఎస్తేరక్క వాయిస్ మెసేజుల ప్రకారం అతనింకా డ్రమ్ముల దగ్గరే ఉన్నాడు. నా కోడూ అక్కడే ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, ఎవరూ పిలవడం లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది: ఏదైనా తప్పకుండా జరగాలంటే కాల్‌బ్యాక్ ఒక్కటే చాలదు. పక్కదారిన వెళ్ళేవాణ్ణి కూడా ఆపేలా అడ్డును డేటాబేస్‌లోనే బిగించాలి. మళ్ళీ ఎవరైనా రమ్మంటే అలాగే బిగిస్తాను. కానీ ఒక మనిషి పేరు తుడిచే ముందు ఆగి ఒక్క ప్రశ్న అడిగే కోడ్‌ను చెత్త కోడ్ అంటే మాత్రం ఒప్పుకోను. మీరు అంటారా? మీ కార్డుకు ఎర్రలైటు వెలిగిన రోజు కూడా అదే మాట అంటారా?