మిగిలిన నాలుగు మిషన్లు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానా ఉంది. నీలమ్మ అక్కడ తొమ్మిదేళ్లుగా కాలర్లు కుడుతోంది. బళ్లు తెరిచాక పని తగ్గడం ఏటా ఉన్నదే. ఈసారి మాత్రం జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం సేఠ్ మిషన్లన్నీ ఆపించి, రెండు పెద్ద బళ్ల ఆర్డర్లు చేజారిపోయాయని చెప్పాడు. పన్నెండుమందిలో నలుగురి పేర్లు చదివాడు.

"మీరు సోమవారం రండి. మిగతావాళ్లకు పని ఉంటే ఫోన్ చేస్త."

ఆ ఫోన్ రాదని అందరికీ తెలుసు. చదివిన పేర్లలో నీలమ్మది మొదటిది. పక్క మిషన్ మీద కాజాలు కుట్టే సోనీ పేరు లేదు.

ఇద్దరిదీ జహనుమాలో ఒకే గల్లీ. ఆరేళ్లుగా కలిసి ఒకే ఆటోలో వెళ్లివచ్చేవాళ్లు. ఆ సాయంత్రం సోనీ తన కత్తెర సంచిలో వేసుకుని, "పోదామా అక్కా?" అంది రోజూలాగే. ఆటో దిగేటప్పుడు సోనీ, "షుగర్ గోలీ మర్చిపోకు" అంది. ఇంటికి వెళ్లాక ఏడుపొస్తుందేమో అనుకుంది నీలమ్మ. రాలేదు.

సోమవారం ఎనిమిది మిషన్ల మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ చాప పరుచుకుని గుండ్రంగా కూర్చుని తినడం అలవాటు. ఆ రోజు చాప ఎవరూ పరవలేదు. నలుగురూ ఎవరి మిషన్ దగ్గర వాళ్లే డబ్బాలు విప్పుకున్నారు.

రాత్రి అన్నం తింటూ భర్త శివయ్య ఒక్క ముద్దకే ఆగిపోయాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్.

"కూరల ఉప్పు లేదు."

నీలమ్మ అప్పటికే సగం తినేసింది.

"నీ పని ఉన్నది కద. ఇంక ఫికర్ ఎందుకు?" అన్నాడాయన మెల్లగా.

"ఫికర్ లేదు" అంది. నిజంగానే లేదు. బాధా లేదు, సంతోషమూ లేదు. ఒళ్లంతా మొద్దుబారినట్టుంది.

మర్నాటి నుంచి ఆమె సోనీ ఇంటి ముందు నుంచి నడవడం మానేసింది. చర్చి వెనక నుంచి చుట్టు తిరిగి రోడ్డెక్కేది. అందుకు కారణం శివయ్యకు కూడా చెప్పలేదు. పేర్లు చదివిన శనివారానికి వారం ముందు సేఠ్ ఆమెను పిలిచి, "కాలర్, జేబు పనిల ఎవరి చెయ్యి సాఫ్ ఉంటది?" అని అడిగాడు. ఏదో తొందర ఆర్డర్ వచ్చిందనుకుని ముగ్గురి పేర్లు చెప్పింది. కాజాల సంగతి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇప్పుడు మిగిలింది ఆ ముగ్గురూ, తనూ.

మూడో ఆదివారం సోనీయే వచ్చి గడప మీద కూర్చుంది.

"మా ఇంటి ముందలికెల్లి పోతలేవు. చుట్టు తిరిగి పోతున్నవంట. ఏమైందక్కా?"

నీలమ్మ జరిగిందంతా చెప్పింది. ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు, గొంతు ఎక్కడా మారకుండా చెప్పింది.

"నీ తప్పేం లేదని నాకు తెలుసు" అంది సోనీ. "కానీ కోపమొస్తున్నదక్కా. ఏం చెయ్యాలె?"

"రానీ."

"నువ్వన్నా ఏడుస్తే మంచిగుండు."

"ఏడుపొస్తలేదే. ఎంత చూసినా వస్తలేదు."

సోనీ ఆమె ముఖంలోకి చూసింది. ఇచ్చిన చాయ్ తాగింది. చార్మినార్ దగ్గర ఒక బట్టల దుకాణంలో సైజులు సరిచేసే పని దొరికిందని, రేపటి నుంచి పోవాలని చెప్పి లేచింది.

సోమవారం నీలమ్మ మళ్లీ పాతదారినే నడిచింది. రోడ్డుకు అవతలి పక్కన సోనీ చార్మినార్ వైపు పోయే ఆటో కోసం నిలబడి ఉంది. ఇద్దరూ చూసుకున్నారు. సోనీ ఆటో ముందు వచ్చింది.

తర్వాత కూడా అలాగే సాగింది. సోనీ ఒక్కోరోజు పలకరించేది, ఒక్కోరోజు ముఖం తిప్పుకునేది. తిప్పుకున్న రోజున కార్ఖానా దాకా నీలమ్మ గుండెలో ఎక్కడో సన్నగా నొప్పి ఉండేది. ఏ బాధా తెలియకుండా మొద్దుబారిన ఆ రోజుల కన్నా అదే నయమనిపించేది ఆమెకు.