గేటు దగ్గర మిరప్పండు

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, అర్జీ రాయడం. ఎమ్మిగనూరులో మా వీధి నేతగాళ్లందరికీ నేనే రాసిపెట్టేవాణ్ణి. వీధిదీపం వెలగకపోయినా, కుళాయి రాకపోయినా, మగ్గం గుంతలోకి వాననీళ్లు దిగినా "అయ్యా, తమ దివ్యసముఖమునకు వ్రాసుకొను విన్నపమేమనగా" అని మొదలుపెట్టి "కావున తాము దయతలచి" అని ముగిస్తే చాలు, మా నాన్న ఆ కాగితాన్ని నలుగురికీ చూపించి మురిసిపోయేవాడు. (వీధిదీపం మాత్రం వెలిగేది కాదు. కాగితం అందంగా కుదిరిందా లేదా అన్నదే అప్పట్లో నాకు ముఖ్యం.) పందొమ్మిదేళ్లప్పుడు డిగ్రీ చదువుకని ఆదోనిలో మామ ఇంట్లో చేరితే ఆ విద్య కూడా నా వెంటే వచ్చింది. దానితో నేను ఒక మనిషికి చేసిన అపకారం గురించి చెప్పాలి. ఈ కథ నవ్వుతూ మొదలుపెట్టడం నాకు బాగానే వచ్చు, నవ్వుతూ ముగించడమే ఇంకా చేతకాలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ హోటల్లో సర్వరు. నేనేమో పగలంతా ఫోనులో కోటల ఆట ఆడేవాణ్ణి. ఒక కోట, చుట్టూ పొరుగు కోటలవాళ్లు, ఎడతెగని యుద్ధం. మాది పదిమంది దండు, దానికి నేను దళపతిని. మొదట్లో ఆ ఆట ఆడేవాళ్లే లేరు. కొట్లాడుకోవడానికి శత్రువు దొరక్క, ఆట బోసిగా ఉంది, జనాన్ని తెప్పించండి అని కంపెనీకి రాసింది కూడా నేనే. ఏ దేవుడు విన్నాడో గానీ, ఆరు నెలలు తిరిగేసరికి బస్సులో, సెలూన్లో, కాలేజీ వెనక బెంచీల్లో ఎవరి ఫోను చూసినా అదే ఆట. అసలు కష్టం అప్పుడు మొదలైంది. నేను కత్తి ఎత్తితే అది దిగేలోపు ఒక టీ తాగి రావచ్చు, ఈలోగా నా తల తెగి కింద పడి ఉండేది. తెర మీద "సర్వర్ బిజీ" అని వచ్చేది. ఈ సర్వర్ పాడుగాను, వీడికి పని చేతకాదు అని నేను పళ్లు కొరుకుతుంటే, హోటలు నుంచి వచ్చి కాళ్లు చాపుకున్న మామ ఒకటి రెండుసార్లు తలెత్తి చూశాడు. మూడోసారి ఉండబట్టలేక, ఎవర్ని తిడుతున్నావని అడిగాడు. నిన్ను కాదు మామా, ఈ సర్వర్ వేరే అని విడమరిచి చెప్పాను. అంతా విని, రష్‌లో ఏ సర్వర్ని తిట్టినా ఇడ్లీ ముందుగా రాదని తేల్చి అటు తిరిగి పడుకున్నాడు.

మా దండులో మిరప్పండు అని ఒకడుండేవాడు. అది ఆటలో పెట్టుకున్న పేరు. అసలు పేరు మేమెవరం అడగలేదు. కోసిగి వైపు మనిషి. పంట చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి, ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. అక్కడ చేను గట్టున ఒక మూల నిలబడితేనే సిగ్నల్ ఒక గీత వచ్చేదట. మధ్యాహ్నం సద్ది తినే వేళ కాసేపు ఆటలోకి వచ్చేవాడు. ఆ నెట్‌తో యుద్ధం చేసేదేముంది? అందుకని నేను దళపతి హోదాలో ఒక కొలువు ఇచ్చాను. కోట గేటు దగ్గర నిలబడాలి, శత్రువు కనబడితే చెప్పాలి, నేను చెప్పేదాకా గేటు వదలకూడదు. ఆ ఆటలో మనం ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయినా మన బొమ్మ నిలబెట్టినచోటే ఉంటుంది. కాబట్టి మిరప్పండు రేయింబవళ్లు గేటు దగ్గరే. నన్ను "అన్నా" అనేవాడు. (ఆయన కూతురు అప్పటికే తొమ్మిదో తరగతి అని తర్వాత ఆయన మాటల్లోనే తెలిసింది. నేను మాత్రం ఆయన్ని "ఒరే" అనేవాణ్ణి. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి.)

ఆట నత్తనడక నడిచేకొద్దీ నా ఫిర్యాదులు జోరందుకున్నాయి. ఎన్ని రాసినా కంపెనీ నుంచి ఒకే జవాబు, "మీ సహనానికి ధన్యవాదాలు." సహనం మా వంశంలోనే లేదు. ఒక పెద్ద యుద్ధంలో కత్తి గాల్లో ఉండగానే ఓడిపోయిన రోజున, ఆటగాళ్లందరూ గోడు వెళ్లబోసుకునే పేజీలో నా విద్యంతా కుమ్మరించి పెద్ద అర్జీ పెట్టాను. అందులో చివరి వాక్యం నాకింకా నోటికి వచ్చు. "నెట్ బలహీనముగా ఉన్నవారి వలన తక్కినవారు నష్టపోవుచున్నారు. కావున అట్టివారిని ఏరి వేరొక సర్వరునందు ఉంచిన యెడల ఆట సుఖముగా సాగునని మనవి." రాసేటప్పుడు నాకు మిరప్పండు గుర్తుకు రాలేదు. ఎవరూ గుర్తుకు రాలేదు. వాక్యం బాగా కుదిరింది, అంతే. మెచ్చుకుంటూ వందలమంది బొటనవేలు గుర్తు పెట్టారు. మా దండులో అందరికంటే ముందు పెట్టింది మిరప్పండే. కింద "మా అన్న బాగా రాసినాడు" అని కూడా చేర్చాడు.

నెల తిరక్కుండా కంపెనీ అలాగే చేసింది. నా అర్జీ చూసి చేశారో, వాళ్లకే తోచిందో తెలియదు గానీ, కాలేజీలో మాత్రం నావల్లే అని అందరికీ చెప్పుకుని టీలు తాగాను. కత్తి ఎత్తితే చాలు, దిగుతోంది. వరసగా మూడు రోజులు గెలిచాం. నాలుగో రోజు శత్రువులు గేటు నుంచి నేరుగా లోపలికి వచ్చేశారు. మిరప్పండు ఏం చేస్తున్నాడని చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు. తిడదామని ఆటలోని ఉత్తరాల పెట్టె తెరిచాను. ఆయన ఉత్తరమే వచ్చి ఉంది.

"అన్నా, ఆట శానా స్పీడుగా ఉండాది. మన కోటే ఇది, గానీ లోపల ఎవురూ ల్యారు. శత్రువులు గూడా ల్యారు. మీరంతా యాడికి పోయినారు? నేను గేటు కాడే ఉండాను. నాకు గూడా ఒగ అర్జీ రాసి పెట్టన్నా."

నా అర్జీలోని "అట్టివారి"లో ఆయనా ఉన్నాడు, వేరే సర్వరులో మా కోటకు నకలు తీసి ఆయన్ని అందులో పెట్టారు. ఆ సాయంత్రం మామకు చెప్పాను. మామ నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తన హోటలు సంగతి చెప్పాడు. ఒకసారి బాగా రష్‌గా ఉన్నప్పుడు, ఒక్క టీ తాగి బల్ల దగ్గర కూర్చుండిపోయినవాళ్లను లేపమని ఓనరు చెప్పాడట. సుగ్గికి, అంటే కూలి పనికి వలస పోవడానికి, మూటలతో రైలు కోసం ఎదురుచూస్తున్న మనిషిని మామ లేపాడు. ఆ మనిషి తనదే తప్పన్నట్టు దండం పెట్టి, పోయి ఎండలో కూర్చున్నాడట.

"ఓనరు సెప్పినాడు, నేను లేపితి," అన్నాడు మామ. "నిన్ను ఎవురూ అడక్కుండానే లేపితివి గదప్పా."

కర్ర పెట్టి కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. వెంటనే ఇంకో అర్జీ రాశాను, వేరు చేసినవాళ్లను తిరిగి కలపమని. "మీ సహనానికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఇక మిగిలింది ఒకటే దారి. వారం పాటు నెట్ బలహీనంగా ఉంటే మనల్ని కూడా అక్కడికే తోసేస్తారు. సిగ్నల్ రాని చోటు కోసం ఆదోని అంతా వెతికి, చివరికి మామ హోటలు వెనక బియ్యం మూటల గదిలో చేరాను. రాతి గోడలు, కిటికీ లేదు. రోజూ మధ్యాహ్నం మూటల మధ్య కూర్చుని ఆడేవాణ్ణి. పొరపాటున రెండు గీతలు వస్తే ఫోను తీసుకెళ్లి ఇంకా మూలకు దాచేవాణ్ణి. నేను పరీక్ష తప్పి అలా దాక్కున్నాననుకుని హోటలంతా జాలిపడింది. మామ మాత్రం ఏమీ అడగకుండా ఉగ్గాని ప్లేటు తెచ్చి మూట మీద పెట్టిపోయేవాడు.

ఎనిమిదో రోజు నన్ను అక్కడికి తోసేశారు. మా కోటే. లోపల ఒక్క మనిషి లేడు. గేటు దగ్గర మాత్రం మిరప్పండు బయటివైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. పేరు కింద, ఆటలోకి చివరిసారి వచ్చి తొమ్మిది రోజులైందని రాసి ఉంది. అంటే నేను మూటల గదిలో చేరకముందే విసిగి మానేశాడన్నమాట. "మిరప్పండన్నా, గేటు వదలొచ్చు" అని రాశాను. నా బొమ్మను కూడా పక్కనే నిలబెట్టాను. ఆ మధ్యాహ్నమూ, ఆ తర్వాత ఏ మధ్యాహ్నమూ జవాబు రాలేదు.

కొన్నాళ్లకు జనం ఇంకో ఆటకు ఎగబడ్డారు. వేగంగా ఉన్న సర్వర్లు కూడా బోసిపోయాయి, కంపెనీ ఆటనే మూసేసింది. చివరి రోజు తెర మీద "మీ సహనానికి ధన్యవాదాలు" అని వచ్చింది. అప్పటికీ ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. ఆ మాట ఆ ఒక్కసారి సరైన మనిషికి చెప్పారనిపించింది. (ఒకసారి కోసిగి పోయి వెతికాను కూడా. వరసగా తాళాలేసిన ఇళ్ల ముందు ఒక అవ్వ కూర్చుని ఉంది. మిరప్పండు ఎవరవ్వా అని అడిగితే, "సగం ఊరు మిరపకాయలకే పోయింది నాయనా, ఏ మిరప్పండని సెప్పేది?" అంది.)

ఇప్పుడు ఎమ్మిగనూరులో దరఖాస్తులు నింపే చిన్న అంగడి పెట్టుకున్నాను. సర్వర్ పనిచేయక జనం కూర్చుండిపోతే ఎవర్నీ లేవమనను. కోసిగి వైపు పెద్దమనిషి ఎవరైనా "అన్నా" అని పిలిస్తే, ఫోనులో ఆటలేమైనా ఆడేవాళ్లా అని అడుగుతాను. నా తలకేమైనా అయిందేమోనని ఆయన పక్కవాళ్ల మొహం చూస్తే, ఆ పందొమ్మిదేళ్ల దళపతి గుర్తొచ్చి నాకూ కాస్త నవ్వొస్తుంది. అర్జీలు ఇంకా రాస్తూనే ఉన్నాను. మొన్నొకాయన "అట్టివారిని తొలగించవలెనని రాయప్పా" అంటే పెన్ను ఆపి, అట్టివారంటే ఎవరు, పేర్లు చెప్పమన్నాను. ఆయన ఒక వేలు మడిచి, మళ్లీ తెరిచి, ఆ వాక్యం వద్దులే అన్నాడు.