బావ బావి

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి మాట కాదు, నా మొదటి ఫోను అద్దం పగిలి రెండోది ఇంకా పగలని రోజుల్లో, మా ఉద్దానం ప్రాంతపు భూగర్భంలో ఒక మహాకావ్యం నడిచింది. అందులో దేశదేశాల శాస్త్రజ్ఞులున్నారు, పాతాళగంగ ఉంది, విషం ఉందో లేదోనన్న ఉత్కంఠ ఉంది, అన్నిటినీ మోస్తూ ఒంటరి వీరుడొకడున్నాడు. ఇంతవరకూ చదివి మీరు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటే క్షమించండి. అది మహాకావ్యం కాదు. ఒక బావి కోసం ఉద్దానంలోని కవిటి అనే ఊళ్లో మధ్యాహ్నం దాకా తిరిగిన కథ. ఆ వీరుణ్ణి నేనే, నా ఆయుధం ఒక ఖాళీ సీసా.

డిగ్రీ అయ్యాక పలాసలో మా పెదనాన్న జీడిపప్పు కొట్లో గుండు పప్పూ బద్దా వేరు చేస్తూ కూర్చోవలసిన నాకు, టెక్కలిలో ఒక నీటి పరిశోధన ఆఫీసులో ఉద్యోగం దొరికింది. (ఆఫీసంటే మొబైల్ షాపు మీది గది.) పని వినడానికి గొప్పగానే ఉండేది. కొన్ని దేశాల్లో కొన్ని బావులు ఎంచుకున్నారు. ఏటా అదే బావిలోంచి, అదే కాలంలో నీళ్లు తీసి పరీక్ష చేస్తారు. నేలలోని నీరు ఏళ్ల తరబడి పాడవుతోందా, బాగుపడుతోందా, ఏ దేశంలో ఎలా ఉందన్నది గీత గీసి చూస్తారు. మా మేడం మొదటి రోజే బల్ల మీద వేలు పెట్టి చెప్పారు: "బావి మారిందా, గీత తెగుతుంది. గీత తెగిందా, మన ఉద్దానాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు." ఉద్దానంతో పాటు నన్నూ తీసేస్తారని ఆవిడ అనలేదు. అనక్కర్లేనట్టు చూశారు. పెదనాన్న మాత్రం ధైర్యం చెప్పాడు. "నీళ్లు పట్టీడం ఉద్యోగమేటిరా? కొట్లో నీ పీట అలాగే ఉన్నాది, ఒచ్చీ." ఆ పీట తలుచుకుంటేనే నాకు నడుంనొప్పి వచ్చేది.

ఇంటర్నెట్టు మీటింగులో దేశదేశాల బావుల పేర్లు తెర మీద వరుసగా కనిపించేవి. అందరి బావులకీ అంకెలు. మా దానికి మాత్రం, ఏటా సీసా మీద రాసి వచ్చిన పేరే, ఇంగ్లీషు అక్షరాల్లో 'బావ బావి'. తెల్లగడ్డం పెద్దాయనొకడు ఏ దేశం నుంచో ఎంతో గంభీరంగా "బావా... బావీ..." అని, "బావా ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడు. "బాగున్నాడు" అనేవారు మేడం. బావ అంటే మా నేలలోని ఒక జాతి రాయి అని ఆయన ఉద్దేశమని నాకు అనుమానం. నవ్వుకునే అర్హత నాకూ లేదు, ఆ బావ ఎవరో నాకూ తెలియదు. తెలిసిన మనిషి నాకు ముందు ఆ పని చేసినాయన. అందరూ 'సీసాల మావ' అనేవారు. రిటైరై బరంపురంలో కూతురింటికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఒడియాలో చాలా మర్యాదగా ఏదో చెప్పేది. ఆ మర్యాదను బట్టే ఆయన దొరకడని అర్థమయ్యేది.

నీళ్లు తియ్యవలసిన రోజు వచ్చింది. బండి మీద కవిటి వెళ్లాను. ఫోనులోని మ్యాపు గుర్తు తిన్నగా ఒక కొబ్బరితోట మధ్యకు తీసుకుపోయి, "వచ్చేశారు" అంది. చూస్తే చుట్టూ పెరడుకో బావి. వాటిలో బావగారిది ఏది? ఆటో దగ్గర నిలబడ్డ మనిషిని అడిగాను.

"బావగారి బావి ఎక్కడండీ?"

"ఏ బావ?"

"ఊరంతా బావ అంటారేమో."

"మా ఊర్లో అందరం బావలమే. నువ్వూ బావవే. సెప్పు బావా, ఏటి పని?"

కొబ్బరికాయలు వలుస్తున్న ఆయన్ని అడిగితే, "నుయ్యా? మా బావదా, మా బావ బావదా?" అని నన్నే ఎదురడిగాడు. ఇంతలో తువ్వాలు దులుపుకుంటూ ఒకాయన వచ్చి, "నానే బావ. బోరు శాంక్సనైందేటి?" అన్నాడు. బోరు కాదు, సీసాడు నీళ్లు చాలన్నాను. ఆయన మొహం వాడిపోయింది. అయినా బావ హోదా వదల్లేదు. కొబ్బరికాయలాయన వెంటనే, "ఆడు బావేటి? ఊరందరికీ ఆడు మావ!" అన్నాడు. "నాను మావనైతే నువ్వు అల్లుడివేట్రా?" అని ఈయన. ఇద్దరూ చుట్టరికాలు ముత్తాతల నుంచి తవ్వడం మొదలుపెట్టారు. (భూగర్భ పరిశోధనంటే ఇదేనేమో అనిపించింది.) నాకు మాత్రం పెదనాన్న కొట్లో పీట కళ్ల ముందు స్పష్టంగా కనబడింది.

అప్పుడు ఫోను మోగింది. సీసాల మావ!

"ఎవుల్రా, నాకు అన్నిసార్లు కొట్టినావు?"

"మావా, కవిటిలో ఉన్నాను. ఆ బావ ఎవరు మావా?"

"బావేట్రా?"

"బావ బావి! సీసా మీద రాసేవారు కదా!"

అవతల పెద్ద నవ్వు. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! బావంటే నానేరా! అది మా అత్తోరి నుయ్యి. సీసా మీద రాసీది మా బామ్మర్ది. ఆడికి నాను బావని కానా?"

కవిటి మొత్తంలో దేశదేశాల శాస్త్రం కోసం ఆ బావినే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. మట్టి పొరలనీ, నీటి ఊటలనీ ఏదో చెబుతాడనుకున్నాను.

"మా అత్త రొయ్యలిగురు నువ్వు తిన్లేదు కదా," అన్నాడు. "నీలం గేటు. ఎల్లు."

నీలం గేటు నేను ఉదయం బండి ఆపిన చోటే ఉంది.

సీసాల మావ అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. "మా అల్లుడు రాలేదేటి?" అంది నా సీసా చూసి. బావ బదులు వచ్చానన్నాను. చేద వేసి నీళ్లు తోడి, అదే నీటితో సీసా తొలిచి, నింపి, మూత బిగించాను. అంతసేపూ ఆవిడ చూస్తూనే ఉంది. కిడ్నీ జబ్బు ఇంటింటా తిరిగే మా వైపు మనుషులకు క్రికెట్ స్కోరు తెలియకపోయినా ఇంట్లో ఎవరి క్రియాటినిన్ ఎంతో తెలుస్తుంది. ఆవిడ అరుగు మీద కూడా కొన్న నీళ్ల కేనే ఉంది.

"ఏటేటా అట్టుకెల్తన్నారు. ఈ నీరు తాగొచ్చో లేదో సెప్పరేటి బాబూ?"

"గీత ఎటు పోతోందో ఇంకా తేలలేదు మామ్మా."

"గీతెవులు? మీ ఆఫీసు పిల్లా? ఆ పిల్ల ఎటెల్తే నా నుయ్యికేటి?"

అమ్మాయి కాదని చెప్పాను. ఏడాదికో చుక్క పెడతారని, చుక్కలు కలిపితే గీత అవుతుందని, మిగతా దేశాల చుక్కలూ పక్కనే ఉంటాయని తంటాలు పడ్డాను.

"ముగ్గన్నమాట."

"ముగ్గే మామ్మా."

"మరి సుక్కలెట్టీసి ఎలిపోతన్నారు. కలిపీదెప్పుడు?"

అప్పటికే బిగించిన మూతను మళ్లీ బిగించాను. అయినా ఆవిడ రొయ్యలిగురు పెట్టింది. శాస్త్రం తప్పు బావిని ఎంచుకోలేదని అప్పుడు ఒప్పుకున్నాను.

గీత తెగలేదు, నా ఉద్యోగమూ తెగలేదు, పెదనాన్న పీట మీద ఇంకెవరో కూర్చున్నారు. తెల్లగడ్డం పెద్దాయన ఇప్పటికీ బావా ఎలా ఉన్నాడని అడుగుతాడు. మామ్మ ఇప్పటికీ "గీతెలా ఉన్నాది బాబూ?" అని అడుగుతుంది, దూరాన ఉన్న మనవరాలిని అడిగినట్టు. "ఓ ఏడు పైకి, ఓ ఏడు కిందికి మామ్మా," అంటాను. ఆవిడ కేను వైపు చూస్తుంది, నేను సీసా వైపు చూస్తాను. ఆ రోజు ముగ్గంటే ముగ్గేనని అంత ధీమాగా తలూపిన కుర్రాణ్ణి, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొస్తుంది. ముగ్గు ఎప్పటికి పూర్తవుతుందో అడగాలని వాడికి తోచలేదు, నాకు ఇప్పుడు తోచినా ఎవరిని అడగాలో తెలియదు. ఇంకెవరూ బావల కోసం వెతక్కూడదని బావి గట్టు మీద పసుపు రంగుతో ఒక అంకె వేశాం. సముద్రపు ఉప్పుగాలికి ఆ రంగు ఏడాదికి మించి ఆగదు. ఏటా మళ్లీ వేసేటప్పుడు, ముందు గట్టు మీద నాచు గోకి, ఎండనిచ్చి, ఆ తర్వాతే వెయ్యాలి.