బ్యాటరీకి కప్పిన రజాయీ

ఈ ఆదివారం పొద్దున మా నోయిడా సొసైటీ వెనకున్న ఖాళీ స్థలంలో క్యారవాన్ల వాళ్ళు కలుసుకున్నారు. మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ లోపలే ఇమిడిపోయిన బళ్ళు తలుపులు బార్లా తెరుచుకుని వరసగా నిలబడి ఉంటే, సొంతదార్లు ఒకరి బండిలోకి ఒకరు తలలు దూర్చి ఎవరు కొత్తగా ఏం పెట్టించారో చూసుకుంటున్నారు. చాలాకాలం బేస్‌మెంటులో ఉండిపోయిన మా ఆయన బండి కూడా బయటికొచ్చి వాటి మధ్యనే ఉంది. దాన్ని కొనుక్కుంటామని ఒక కుర్ర జంట వచ్చారు. నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆ అమ్మాయి సీటు పైకెత్తి, కిందనున్న బ్యాటరీని చూస్తూ, దీనికి రజాయీ ఉందా ఆంటీ అని హిందీలో అడిగింది. ఉందమ్మా అన్నాను. ఆమె అడిగింది మనం కప్పుకునే దూది బొంత గురించి కాదు. చలికి బ్యాటరీ మొండికేయకుండా దాని కింద పెట్టే హీటర్ పలకని ఈ క్యారవాన్ల వాళ్ళందరూ రజాయీ అనే అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు, అది చెప్పకుండా టీ కప్పు చేతికిచ్చాను.

నాలాగా కోస్తా నుంచి ఢిల్లీకి కొత్త కాపురానికి వచ్చినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఇక్కడి మొదటి చలికాలం ఎలా ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. మునిర్కాలో ఒంటి గది అద్దెకి తీసుకుని, అమ్మ పెట్టెలో సర్దిచ్చిన నూలు దుప్పటి రెండు మడతలు వేసుకుని వణుకుతుంటే, ఇంటావిడ మా తెలివికి నవ్వీ నవ్వీ, వీధిలో దూది ఏకేవాణ్ణి పిలిచి ఎర్ర పువ్వుల గుడ్డతో ఒక రజాయీ కుట్టించింది. ఇద్దరికీ అదొక్కటే. నీవైపు ఎక్కువ లాక్కున్నావంటే నీవైపు లాక్కున్నావన్న తగువుతోనే మాకు తెల్లవారేది. ఏటేటా దూది ఏకించి, గుడ్డ చిరిగితే అతుకు వేయించి, ఆ రజాయీని నోయిడా ఫ్లాటుకీ తెచ్చుకున్నాం, ఆ తర్వాత బండిలోకీ తెచ్చుకున్నాం.

బండి అనేది రిటైరయ్యాక మా ఆయనకి పట్టుకున్న పిచ్చి. కింద ఫ్లాటులో ఉండే భాయీసాబ్‌కి అంతకు ముందే ఒక క్యారవాన్ ఉండేది, ఆయనే అంటించారు. ఇద్దరూ కూర్చుంటే ఇక నాకు అర్థమయ్యే భాష వినపడేది కాదు. అంట్లు కడిగిన నీళ్ళు గ్రే వాటరట, బండికి బయటినుంచి కరెంటు తగిలిస్తే షోర్ పవరట, నీళ్ళూ కరెంటూ ఏదీ దొరకని చోట ఆపుకుని ఉండటం బూన్‌డాకింగట. సుఖంగా ఉన్న ఇల్లు వదిలేసి ఏమీ లేనిచోట పడి ఉండటానికి అంత పెద్ద పేరెందుకని నేను వెక్కిరిస్తే ఆయన ఉడుక్కునేవారు, భాయీసాబ్ మాత్రం కడుపుబ్బ నవ్వేవారు. ఏం ఉడుక్కున్నా, ఆ బండిలో మేము చూసిన నదులూ లోయలూ నా జీవితంలో నాకు దక్కిన వరాలే.

ఆ తర్వాత ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. ఇక్కడ దీపావళి వచ్చేసరికి ఎదురు టవరు కనపడకుండా పొగ కమ్ముతుందే, అది మొదలైందంటే ఆయన మంచంమీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, ఒక్కో ఊపిరికీ పెనుగులాడేవారు. కుదిరితే ఆ నెలల్లో ఊరు దాటించండి, మరీ ఎత్తుకి మాత్రం తీసుకెళ్ళకండి అన్నాడు డాక్టరు. సరదాకి కొన్న బండి అలా మాకు ప్రాణావసరమైంది. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుగొట్టంలోకి పంపే మెషీను ఒకటి ఆయన మంచం పక్కన చేరింది. అది కరెంటు మీద నడుస్తుంది, బండిలోని పాత నీళ్ళు పోసే బ్యాటరీలు దాన్ని తెల్లవార్లూ మోయలేకపోయేవి.

అప్పుడే క్యారవాన్ల వాళ్ళందరిలోనూ లిథియం బ్యాటరీ మోజు మొదలైంది. ఇదే ఖాళీ స్థలంలో ఎన్ని ఆదివారాలు దాని గురించి చర్చించారో. మే నెల ఎండకి ఉబ్బుతుందా, లూ గాడ్పుకి తట్టుకుంటుందా, దానికో ఫ్యాను పెట్టాలా అని ఒకటే ప్రశ్నలు. ఢిల్లీ ఎండ చూసినవాళ్ళు కదా, ఎండ గురించి అడగనివాడు లేడు, చలి గురించి అడిగినవాడు లేడు. మా ఆయనా, భాయీసాబూ ఒకేసారి పాతవి తీయించి కొత్తవి పెట్టించారు. ఆ సాయంత్రం మా ఆయన మొహంలో కనిపించిన ధైర్యం చూసి నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆ ఏడు పొగ మాకంటే ముందే కొండ దిగువ ఊళ్ళకి చేరిపోయింది. ఆగిన చోటల్లా ఆయన దగ్గుతూనే ఉంటే, ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి అంటూ మా బండీ, వెనకే భాయీసాబ్ బండీ డాక్టరు వద్దన్నంత ఎత్తుకి వెళ్ళిపోయాయి. అక్కడ గాలి శుభ్రంగానే ఉంది. పొద్దున లేచి చూసేసరికి మంచు పడి, వచ్చిన దారి మూసుకుపోయి ఉంది. మెషీను నడిచీ నడిచీ బ్యాటరీ అడుగంటింది, ఇంజను స్టార్టు చేస్తే బ్యాటరీ ఎప్పటిలా నిండాలి, ఎంతసేపు తిప్పినా నిండదే. భాయీసాబ్ వచ్చి ఫ్యూజు మార్చారు, వైర్లు ఊడదీసి మళ్ళీ బిగించారు, ఆయన బండిలోనూ అదే బ్యాటరీ, అదే మొండితనం. మెషీను చిన్నగా కూసి ఆగిపోయింది. అత్యవసరానికని పెట్టుకున్న బుల్లి సిలిండరు ముక్కుకి తగిలించాను, దాని ముల్లు నేను చూస్తుండగానే ఎడమవైపుకి జారుతోంది.

ఆయన సైగ చేసి ఫోను అడిగారు. బ్యాటరీ కబుర్లన్నీ ఆ ఫోనులో కనిపిస్తాయి. అందులో చూసి, అంత ఆయాసంలోనూ చిన్నగా నవ్వారు. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ కరెంటు పుచ్చుకోదు, దాన్ని అదే కాపాడుకోవడానికి తలుపు మూసేసుకుంటుంది, వెచ్చబడితే తప్ప తీయదు. అన్ని ఆదివారాల చర్చల్లో ఒక్కరికీ పట్టని సంగతి అది. నేను పొయ్యిమీద నీళ్ళు మరగబెట్టి రబ్బరు సంచుల్లో నింపి సీటు కింద బ్యాటరీ చుట్టూ పేర్చాను, అయినా నేల చలికి అవి ఇట్టే చల్లారిపోతున్నాయి. అప్పుడాయన మీదున్న రజాయీ లాగి నావైపు తోశారు.

"నాకు కాదే, దానికి కప్పు."

"మీరేమైపోతారండీ?"

"అది లేస్తేనే నేను లేచేది. కప్పు."

కప్పాను. మునిర్కా నుంచి ఇద్దరం కలిసి కప్పుకున్న రజాయీని ఆయన మీంచి తీసి ఒక ఇనప పెట్టెకి కప్పి, నాలుగు వైపులా పసిపిల్లకి చుట్టినట్టు చుట్టి, ఆ తర్వాత ఆయన్ని నా శాలువాలోకి తీసుకుని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. భాయీసాబ్ తన బండిలోంచి వేడినీళ్ళు తెచ్చి సంచుల్లో పోస్తూనే ఉన్నారు. సిలిండరు ముల్లు ఎర్రగీత దాటాక, బ్యాటరీ కరెంటు పుచ్చుకుంటోందని పచ్చదీపం వెలిగింది. మెషీను మళ్ళీ నడిచిన చప్పుడు విని భాయీసాబ్ బండి దిగి, మంచులో అటు తిరిగి నిలబడి ఏడ్చారు.

తిరిగొచ్చాక మా ఆయనే ఈ కథని అందరికీ నవ్వుతూ చెప్పారు, నవ్వకుండా చెప్పడం ఆయనవల్ల అయ్యేది కాదు. ఆ తర్వాత ఒక్కొక్కరూ హీటర్ పలకలు పెట్టించుకున్నారు, దానికి రజాయీ అన్న పేరు దానంతటదే అతుక్కుంది. అందరికంటే ముందు పెట్టించింది మా ఆయనే. వచ్చే ఏడు ఎంత చలైనా బెంగలేదన్నారు. ఆ మరుసటి ఏడు పొగ ముందే వచ్చింది, ఆయన లిఫ్టు దాకా కూడా నడవలేకపోయారు. కిటికీ సందులకి టేపు అంటించి, గాలి శుభ్రం చేసే మెషీన్లు గదికొకటి పెట్టాం. ఒక మధ్యాహ్నం, ఒకసారి కిందకెళ్ళి బ్యాటరీ చూసి రమ్మన్నారు. వెళ్ళి చూసి వచ్చి, నిండుగా ఉందండీ అన్నాను. ఠీక్ హై అన్నారు. మూడోనాడు పోయారు. బండి కింద సిద్ధంగానే ఉంది.

ఈ కుర్ర జంటకి ఒక పాప. చలికాలం వస్తే మాట రానంత దగ్గట, అందుకే ఈ బండి. ఒకప్పుడు ఈ సమావేశాల్లో ఎవరి ఫ్రిజ్ పెద్దది, ఎవరి పొయ్యిమీద పకోడీలు బాగా వేగుతాయి అని మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఏ ఫిల్టరు మంచిది, పిల్లల మాస్కులు ఎక్కడ దొరుకుతాయి అని మాట్లాడుకుంటున్నారు. మునిర్కా రోజుల్లో వేసవి వస్తే వీధి వీధంతా మేడలమీదే పడుకునేవాళ్ళం, ఎండని తిట్టుకున్నాం, నీళ్ళకి పోట్లాడుకున్నాం, గాలి గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనుకున్న గుర్తు లేదు. మేము ఊళ్ళు చూడటానికి కొన్న బండిని ఈ పిల్లలు ఊపిరి తీసుకోవడానికి కొనుక్కుంటున్నారు.

తాళాలు ఇచ్చేముందు పైకెళ్ళి ఎర్ర పువ్వుల రజాయీ తెచ్చి, మడతపెట్టి బ్యాటరీ పక్కన పెట్టాను. హీటరుంది కదా ఆంటీ, ఇదెందుకు అంది ఆ అమ్మాయి. ఉండనీ అమ్మా అన్నాను. అదెందుకో తెలిసే అవసరం వాళ్ళకి ఎప్పటికీ రాకూడదనే నా కోరిక.